మా బాపు 1342లో పుట్టలేదు

ప్రశ్న: వంశవృక్షాల సైటులో మా ఇంటిపేరుకు ఎవరో పేజీ పెట్టారు. అన్నీ తప్పులే. నేను దిద్దవచ్చా? దిద్దితే ఏం రాయాలి?

దిద్దవచ్చు. మీరు ఊరుకుంటే ఇంకెవరో దిద్దుతారు, అది ఇంకా పాడవుతుంది. నేను 2020 లాక్‌డౌన్‌లో ఇందులో దిగాను. అంతకు ముందు నాకు తెలిసిన దిద్దుడంతా బడిలో ఎర్ర ఇంకుతో చేసిందే.

మాది వరంగల్ కొత్తవాడ, మగ్గాల వాడ. నా పుట్టింటి ఇంటిపేరు ఎలగందుల. కరీంనగర్ నుంచి సిరిసిల్ల పోయే దారిలో మానేరు ఒడ్డున పాత కోట ఉన్న ఊరి పేరు కూడా అదే. నిజాం కాలంలో జిల్లాకే ఆ పేరు ఉండేది, 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారింది. ఆ ఊరు విడిచి ఎటు పోయినా, పోయిన చోట "ఎలగందులోళ్ళు వచ్చిన్రు" అనే ఉంటారు. మా ఇంటిపేరు అట్లా పుట్టిందని నా నమ్మకం. ఊరి పేరు కాబట్టి అన్ని కులాలవాళ్ళూ పెట్టుకొని ఉండవచ్చు. ఒకే ఇంటిపేరు ఉంటే ఒకే రక్తం అనుకొని పేజీ మొదలుపెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక మా బాపు సంగతి. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఒకరోజు ఫోన్ చేసి, "అత్తా, తాతది పాత కాయితం ఏదన్న ఉంటే ఫోటో కొట్టి పెట్టు" అన్నాడు. ట్రంకుపెట్టె అడుగున బాపు బడి సర్టిఫికెట్ దొరికింది. అంతా ఉర్దూ. మండిబజార్‌లో నాకు తెలిసిన రిటైర్డ్ ఉర్దూ మాస్టారు ఉంటే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మాస్క్ కిందకి లాగి, కాయితాన్ని వెలుతురుకు పట్టి, ఒక్కో ముక్కా చదివి వినిపించారు. పుట్టిన సంవత్సరం దగ్గర పెన్సిలుతో మన అంకెల్లో 1342 అని రాసిపెట్టారు. నేను ఫోటో తీసి పంపాను. అది ఫసలీ, అంటే నిజాం కాలపు సర్కారీ లెక్క సంవత్సరం అని వాడికి ఒక్క ముక్క చెప్పలేదు. ముప్పై ఏండ్లు సోషల్ చెప్పిన దాన్ని, తప్పు నాదే.

వాడు వంశవృక్షాల సైటులో బాపుకు పేజీ పెట్టి, పుట్టిన ఏడాది 1342 అనే కొట్టేశాడు. నేను పుట్టింది 1958లో. తండ్రికీ కూతురికీ మధ్య 616 ఏండ్లు! సైటు ఏమీ అడగలేదా అని తర్వాత అడిగితే, "ఎర్రగ ఏదో బాక్స్ వచ్చింది అత్తా, క్లోజ్ చేసిన" అన్నాడు.

అక్కడితో ఆగితే మా ఇంటి జోకు అయ్యేది. రెండు నెలల తర్వాత చూస్తే ఇంటిపేరు పేజీలో కొత్త పేరా వచ్చి చేరింది. రాసినతను మాకు చుట్టం కాదు, పక్కం కాదు. ఈ ఇంటిపేరుతో తెలిసిన మొదటి మనిషి 1342లో ఓరుగల్లులో పుట్టాడట, కాకతీయుల చివరి కాలం నాటి నేతగాడట. ఓరుగల్లు ఢిల్లీ సైన్యం చేతికి చిక్కింది 1323లో. అంటే మా బాపు కోట పడిపోయిన పంతొమ్మిదేండ్లకు పుట్టి, 1934లో మొదలైన అజంజాహి మిల్లులో చేరి, నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని బడికి తీసుకెళ్ళాడన్నమాట. మా ఆయన మూడు రోజులు నవ్వాడు. "మీ బాపు ప్రతాపరుద్రునికి తువ్వాల నేసిండా?" అని.

ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. నిజాం రాజ్యంలో ఆ ఏడు అక్టోబరు మొదట్లో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి 1342 ఫసలీ అంటే 1932 అక్టోబరు నుంచి 1933 అక్టోబరు దాకా. తెలంగాణ పాత కాయితాలు ముందేసుకొని కూర్చునేవాళ్ళు ఈ ఒక్క లెక్క గోడ మీద రాసి పెట్టుకోండి.

ఆ పేరా తీసేశాను. తెల్లారేసరికి మళ్ళీ ఉంది. పేజీ చరిత్ర నొక్కి చూస్తే అతనే వెనక్కి పెట్టాడు, "ఆధారం ఉంది" అని పక్కన రాసి. ఏమిటయ్యా ఆధారం అని చూస్తే మా బాపు పేజీయే! మా పిల్లవాడి పొరపాటును నాకే సాక్ష్యంగా చూపిస్తున్నాడు. అందుకే చెబుతున్నాను, ముందు మనిషి పేజీ దిద్దండి, ఆ తర్వాతే ఇంటిపేరు పేజీ. నేను రెండోది ముందు చేసి దెబ్బతిన్నాను. తర్వాత బాపు పేజీలో ఏడాది మార్చి, సర్టిఫికెట్ ఫోటో ఎక్కించి, చర్చ పేజీలో ఫసలీ లెక్క మూడు లైన్లలో రాశాను. పదకొండు రోజులకు జవాబు వచ్చింది. "ఓకే." అంతే. సారీ లేదు, థాంక్స్ లేదు. పదో క్లాసు పిల్లలు నయం, తప్పు చేస్తే కనీసం తలకాయ కిందకి వేస్తారు.

మరి ఏం రాయాలి అన్నారు. స్పెల్లింగులు రాయండి. ముందు స్పెల్లింగులు, గొప్పలు తర్వాత. అసలు గొప్పలు రాయకపోయినా నష్టం లేదు. వీరిలేట్ లాంటి సైట్లలో ఇంటిపేరుకొక పేజీ, పేరుకొక పేజీ ఉండేది ఇందుకే. దగ్గరి పేర్ల జాబితా ఆ పేజీలో ఉంటుంది, ఎవరైనా వెతికినప్పుడు సైటు ఆ జాబితా చూసుకొని మిగతా రూపాలనూ పట్టుకొస్తుంది. జాబితా ఖాళీగా ఉంటే ఎంత పెద్ద చరిత్ర రాసినా మీ చిన్నాయన మనవడికి మీరు దొరకరు.

మన పేర్లకు ఇది మరీ అవసరం. ఒకేలా పలికే పేర్లకు ఒకే కోడ్ ఇచ్చి వెతకడానికి వంశవృక్షాల వాళ్ళు ఏండ్లుగా వాడే సౌండెక్స్ అనే పద్ధతి ఒకటుంది, 1918లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నది. పేరులో మొదటి అక్షరం ఉంచి, అచ్చులు వదిలేసి, తర్వాతి హల్లులకు మూడు అంకెలు ఇస్తుంది. ఇంగ్లీషు పేర్లకు బాగానే ఉంటుంది. మనవాళ్ళు ఎల్లయ్యను ఇంగ్లీషులో ఒకచోట ‘ఈ’తో, ఒకచోట ‘వై’తో రాస్తారు. ఓదెలను ఒకరు ‘ఓ’తో, ఒకరు ‘వి’తో రాస్తారు. మొదటి అక్షరమే మారిపోతే సౌండెక్స్ ఏం చేస్తుంది పాపం? మా ఇంట్లోనే చూడండి. మా పెద్దన్న మెమోలో ‘ఈ’తో ఎలగందుల, మా చిన్నన్న మెమోలో ‘వై’తో. మా పెద్దబాపు కొడుకుల రేషన్ కార్డుల్లో ఎనగందుల, అది మళ్ళీ ఒకరికి ‘ఈ’, ఒకరికి ‘వై’. ఈ–425, వై–425, ఈ–525, వై–525. ఒక్క తాత మనవళ్ళు, నాలుగు కోడ్లు.

ఇక్కడే, మా ఇంటిపేరు పేజీని దిద్దే ఇంకొకాయన, షోలాపూర్ ఆయనతో నాకు పడదు. వాళ్ళ తాతలు ఇక్కడి నుంచే మగ్గాల పని మీద అటు వలస పోయారు. ఎనగందుల వేరు, ఎలగందుల వేరు అని ఆయన వాదన. నేను జాబితాలో కలుపుతాను, ఆయన తీసేస్తాడు. ఉర్దూలో రాసేటప్పుడు లామ్ (ల), నూన్ (న) కలిసిపోయి ఉంటాయేమో అని మండిబజార్ మాస్టారును అడిగాను. "రెండింటికీ పోలికే లేదమ్మా" అని నవ్వేశారు. సరే, అది పోయింది. కానీ ములగకాయను మునగకాయ అంటామా లేదా? తెలుగును తెనుగు అన్నారా లేదా? భాష పేరులోనే ‘ల’ ‘న’ అయినప్పుడు మా ఇంటిపేరులో ఎందుకు కాకూడదు? దీనికి ఆయన ఇంతవరకు జవాబు చెప్పలేదు. గెలిచినట్టే లెక్క.

ఇంకో తలనొప్పి ‘చివరి పేరు’ అనే పెట్టె. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. మనవాళ్ళు ఆ పెట్టె చూసి, చివర ఏముంటే అది రాసేస్తారు. దాంతో నర్సయ్య, రాజయ్య, లక్ష్మి అనే ‘ఇంటిపేర్ల’ పేజీలు తయారవుతాయి. సంబంధం లేని నర్సయ్యలందరూ ఒక్క వంశమై కూర్చుంటారు. అలాంటి పేజీ కనబడితే మనుషులను ఒక్కొక్కరిని సరైన ఇంటిపేరులోకి మార్చడం తప్ప దారి లేదు. విసుగు పని. నేను సాయంత్రం సీరియల్ టైంలో చేస్తాను, సీరియల్ కంటే నయం.

ఆడవాళ్ళ సంగతి ఎత్తకుండా ఎలా? మా అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు తెలుసుకోవడానికి నాకు నాలుగు పెళ్ళిళ్ళు, రెండు దినాలు పట్టింది. ముసలివాళ్ళు దొరికేది అక్కడే. వికీట్రీ అనే ఇంకో వంశవృక్షాల సైటులో ఒక పద్ధతి నాకు నచ్చింది, మనిషి ఐడీ పుట్టినప్పటి ఇంటిపేరుతోనే ఉంటుంది. అక్కడ నేను ఇంకా ఎలగందుల ఆడబిడ్డనే. ఆధార్‌లో కాదు, పాస్‌బుక్‌లో కాదు, చివరికి మా అన్న కొడుకు పెళ్ళిపత్రికలో కూడా కాదు.

అన్నట్టు, బతికున్నవాళ్ళ పుట్టినరోజులు, పిల్లల ఫోటోలు ఇంటిపేరు పేజీలో పెట్టకండి. ఆ పేజీ ఎవరైనా చూస్తారు.

మా చిన్నప్పుడు కూనపులోళ్ళు వచ్చేవారు. వాడలో గుంజలు పాతి, పొడుగాటి పటం విప్పి, రాత్రంతా మార్కండేయుని కథ చెప్పేవారు. పద్మశాలీల గోత్రాలు వాళ్ళ నోటనే వినాలి. ఎవరిది ఏ గోత్రమో తడుముకోకుండా చెబుతుంటే మా బాపు తల ఊపేవాడు. తప్పు చెప్పారని వాడలో ఒక్కరు కూడా నోరెత్తేవారు కాదు. ఆ పటం మీద ఎడిట్ బటన్ లేదు కదా.

మీ ఇంటిపేరు ఏమిటో మీరు ప్రశ్నలో రాయలేదు. ఒకవేళ ‘ఎన’తో మొదలైతే చర్చ పేజీకి వచ్చి నా వైపు ఒక మాట రాసి పోండి. షోలాపూర్ ఆయన మొన్న ఆదివారం మళ్ళీ తీసేశాడు.