బండి ఆపినప్పుడు గొంతు పెంచకు తమ్ముడూ

తమ్ముడూ, కాజీపేట దగ్గర రాత్రి చెకింగ్‌లో బండి ఆపి తాళంచెవి తీసుకున్నారని, కోపంలో అరిచానని, ఇప్పుడు ఆ దారిన పోవాలంటేనే టెన్షన్‌గా ఉందని రాశావు. ములుగు రోడ్డులో నాకూ అలాగే అయింది. ఆ రోజు చేతులు వణికాయి.

అప్పటి నుంచి బండి పక్కకు తీసి, ఇంజిన్ బంద్ చేసి, ముందు హెల్మెట్ తీస్తాను. ముఖం కనబడితే ఎదుటివాళ్ల గొంతు కూడా కాస్త తగ్గుతుంది. జేబులో చెయ్యి పెట్టే ముందు "సార్, ఫోన్ తీస్తున్నా, లైసెన్సు అందులో ఉంది" అని చెప్తాను. డిజిలాకర్‌లోని లైసెన్సు, ఆర్సీ చెల్లుతాయి, 2018లోనే కేంద్రం నిబంధన మార్చింది. కానిస్టేబుల్ ఒప్పుకోకపోతే "ఎస్సై గారికి ఒకసారి చూపిస్తా సార్" అను, అంతే. తాళంచెవి మాత్రం గుంజుకోకు. చెయ్యి తగిలిందంటే చలానాతో పోయేది కేసు దాకా వెళ్తుంది. చలానా తప్పనిపిస్తే రోడ్డు మీద వాదించకు. టైము, స్థలం రాసిపెట్టుకుని తర్వాత ఫిర్యాదు చెయ్యి.

స్టేషన్‌కు రమ్మంటే కారణం అడుగు, ఇంటికి ఫోన్ చేస్తానని మర్యాదగా చెప్పు. నిజంగా అరెస్టే చేస్తే కారణం చెప్పడం, ఇంట్లోవాళ్లకు తెలపడం వాళ్ల బాధ్యత. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.