బాబంటే ప్రాణం, అయినా ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపిస్తోంది

ప్రశ్న: అక్కా, నాకు తొమ్మిది నెలల బాబు. సీమంతానికి ఆఫీసు ఫ్రెండ్ ‘ద జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్’ అనే ఇంగ్లీషు నవల ఇచ్చింది, పేరు చూసి కొన్నట్టుంది. ఈమధ్య రాత్రిళ్లు బాబుకి పాలిస్తూ చదివాను. చదివాక ఒకటే టెన్షన్. రాత్రి మూడోసారి వాడు ఏడుస్తూ లేస్తే ఇల్లొదిలి పారిపోవాలనిపిస్తుంది. అమ్మతో అంటే “తల్లివై ఉండి అవేం మాటలే” అంది. నేను చెడ్డ తల్లినా? ఇలాంటివి చదవకూడదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చెడ్డ తల్లివి కావు చెల్లీ. నిద్ర లేని తల్లివి. ఆ పుస్తకం కూడా నువ్వు చదవాల్సిందే.

బుచి ఎమెచెటా 1979లో రాసిన నవల అది. ఆవిడ నైజీరియాలో పుట్టి, లండన్ వెళ్లి, భర్త నుంచి విడిపోయి ఐదుగురు పిల్లల్ని పెంచిన మనిషి, ఊహించి రాసిన అలసట కాదది. కథలో న్ను ఈగో అనే ఆమెకి మొదటి పెళ్లిలో పిల్లలు పుట్టరు. భర్త ఇంకో భార్యను తెచ్చుకుంటాడు. ఆ సవతి బిడ్డ ఏడుస్తుంటే ఈమె ఎవరూ చూడకుండా తీసుకెళ్లి తన రొమ్ముకి ఆనించుకుంటుంది, కనకపోయినా పాలొస్తాయి. అది చూసిన భర్త కొడతాడు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను.

తర్వాత లాగోస్ నగరంలో రెండో భర్త, మగబిడ్డ, ఆ పసివాడు నెల తిరక్కుండానే పోవడం. ఆమె దూకేద్దామని వంతెన మీదికి పరిగెడుతుంది. చుట్టూ చేరి తిడుతున్న జనం, బిడ్డ పోయాడని తెలియగానే మెత్తబడతారు, బిడ్డ లేని ఆడది దేనికీ పనికిరాదన్నది వాళ్లందరికీ ఒప్పుదలే కాబట్టి! మన దగ్గర గొడ్రాలు అనే మాట లేదా? నాకు ఆ జాలే భయం పుట్టించింది. ఆ తర్వాత ఆమెకి బోలెడుమంది పిల్లలు పుడతారు, సిగరెట్లూ అగ్గిపెట్టెలూ అమ్మి సాకుతుంది, కొడుకులు అమెరికా, కెనడా వెళ్తారు. చివరికి ఆమె ఓ రాత్రి దారి పక్కన ఒంటరిగా చనిపోతుంది, ఘనమైన కర్మకాండ మాత్రం జరుగుతుంది.

పిల్లల మీద ఆమెకి ప్రేమ లేదని ఎవరైనా అనగలరా? ప్రేమ ఉంది, ‘నేనెవరిని’ అనే బాధా ఉంది, రెండూ ఒక మనిషిలోనే. నీలోనూ అంతే.

కానీ ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. బాబు పడుకున్నా నీకు నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, నీకో బాబుకో హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆగకుండా ఇంట్లోవాళ్లకి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు. రాత్రి ఒక వంతు మీ ఆయన్ని లేవమను, సాయం చేయమని కాదు, బిడ్డ ఆయనకీ బిడ్డే కాబట్టి.

ఓ మధ్యాహ్నం బాబుని అమ్మ ఒళ్లో పెట్టి ఈ కథంతా ఆవిడకి చెప్పు. చెప్పాక, నువ్వు పుట్టినప్పుడు ఆవిడకి ఆ రాత్రులు ఎలా గడిచాయో అడుగు.