రేసులు యాప్‌లోకి వెళ్ళిపోతే చూసేవాళ్ళు మిగులుతారా? ఒక కేబుల్ ఆపరేటర్ జవాబు

మీ అనుమానం నాకు అర్థమైంది. ఫార్ములా వన్ (ఎఫ్1) లాంటి ఓపెన్ వీల్ రేసులు, అంటే చక్రాలకి కప్పు లేని కార్ల రేసులు టీవీ ఛానళ్ళు వదిలి యాప్‌లకు వెళ్ళిపోతున్నాయి, ఇంకో పదేళ్ళకి వీటికి జనం ఉంటారా, మళ్ళీ కేబుల్‌లోకి వచ్చే అవకాశం ఉందా అని అడిగారు. జనం ఉంటారు. మా ఊరిలాంటి చోట్ల మాత్రం కొత్తవాళ్ళు పుట్టరని నా లెక్క.

మాది ఒడిశాలో పర్లాకిమిడి, గజపతి జిల్లా. బండెక్కితే కాసేపట్లో పాతపట్నం, అక్కణ్ణుంచి ఆంధ్రా. చాలాకాలంగా ఇక్కడ కేబుల్ నడుపుతున్నాను, ఈమధ్య బ్రాడ్‌బ్యాండ్ కూడా. రేసులంటే నాకు పిచ్చే, కానీ ఎవరింట్లో ఏ ఛానల్ ఆడుతుందో చూసి చూసి ఏర్పడిన అభిప్రాయం ఇది.

సెట్ టాప్ బాక్సులు రాని అనలాగ్ రోజుల్లో మా కంట్రోల్ రూమ్‌లో ఛానళ్ళకి చోటు తక్కువ. ఒక్కో ఛానల్‌కీ ఒక రిసీవర్, ఒక మాడ్యులేటర్ కావాలి. అందుకని ఏది వేయాలో, ఏది తీసేయాలో ఆపరేటరే తేల్చేవాడు. వేశామంటే కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళిపోయేది, ఎవరూ విడిగా డబ్బు కట్టే పని లేదు. ఈఎస్‌పీఎన్, స్టార్ స్పోర్ట్స్ మేం వేసింది క్రికెట్ కోసం. వాటి వెనకే ఎఫ్1 కూడా వచ్చి పడింది. అప్పట్లో యూరప్ రేసులు మనకి ఆదివారం సాయంత్రం ఐదున్నరకి మొదలయ్యేవి. పగటి నిద్ర లేచి, టీ తాగి, ఏం చూడాలో తోచక జనం రిమోట్ నొక్కుతూ కూర్చునే టైమ్ అది.

బస్టాండ్ వైపు ఒక టూవీలర్ మెకానిక్ షాపులో చిన్న టీవీ ఉండేది. క్రికెట్ లేని ఒక ఆదివారం అందులో ఎఫ్1 ఆడుతోంది. బండి రిపేరుకి ఇచ్చి బల్ల మీద కూర్చున్న పెద్దాయన నన్ను చూసి, "ఏటి బాబూ, ఇవిలా గిరగిరా తిరగడమేనా, మరేటీ లేదా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు ఒక కారు పిట్‌లోకి, అంటే రేసు మధ్యలో చక్రాలు మార్చే చోటికి, వచ్చింది. కార్బ్యురేటర్ విప్పుతున్న కుర్రాడు అది చేతిలో పట్టుకునే టీవీ దగ్గరికి వెళ్ళిపోయాడు. మూడు నాలుగు సెకన్లలో నాలుగు చక్రాలూ మారిపోయాయి. స్లో మోషన్‌లో మళ్ళీ వేశారు. "అన్నా, చక్రానికి ఒకటే నట్టు!" అన్నాడు. అంతే, ఆ షాపులో అప్పట్నుంచి ఎవరు గెలిచారన్నది రెండో మాట, ఏ టీము ఎంతసేపట్లో చక్రాలు మార్చిందన్నదే మొదటి మాట. ఇప్పుడు ఆ కుర్రాడికి సొంత షాపుంది. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ వాళ్ళు 1.80 సెకన్లలో పని ముగించి రికార్డు కొట్టినప్పుడు ఆ వీడియో నాకు పంపింది అతనే. ఆ రేసు మాత్రం అతను చూడలేదు.

కొత్త ఆటని ఎవడూ వెతుక్కుంటూ పోడు. దారిలో కంటపడితే ఆగి చూస్తాడు. అమెరికాలో జరిగిందీ అదే. అక్కడి నాస్కార్ అనే కార్ల రేసుల్లో పెద్దది డేటోనా 500. 1979 ఫిబ్రవరిలో ఆ రేసుని సీబీఎస్ ఛానల్ మొదటి ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) నుంచి చివరిదాకా లైవ్ ఇచ్చింది. ఆ రోజు తూర్పు రాష్ట్రాల్లో మంచు తుపాను, జనం ఇళ్ళు కదల్లేదు. చివరి ల్యాప్‌లో ముందున్న రెండు కార్లూ గుద్దుకుని ఆగిపోతే వెనకొచ్చిన రిచర్డ్ పెట్టీ గెలిచాడు, ట్రాక్ పక్కన డ్రైవర్లు కొట్టుకున్నారు. ఊరికే టీవీ పెట్టుకున్నవాళ్ళంతా అది చూశారు. నాస్కార్ దేశమంతా ఇంటింటి ఆట అయింది అక్కణ్ణుంచేనంటారు. అదే అమెరికాలో ఓపెన్ వీల్‌కి పెద్ద దిక్కయిన ఇండీ 500ని 1986 దాకా లైవ్ ఇవ్వనేలేదు, రికార్డు చేసి రాత్రికి వేసేవారు. పైగా 1996లో ఆ ఆట రెండు సిరీస్‌లుగా చీలిపోయింది. పేరున్న డ్రైవర్లు ఒకవైపు, పేరున్న రేసు ఇంకోవైపు. మళ్ళీ కలిసేసరికి 2008 వచ్చింది, ఈలోపు జనం నాస్కార్‌కి అలవాటు పడిపోయారు.

మన దగ్గరికొస్తే 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రి, అంటే మన దేశంలో ఎఫ్1 రేసు. మా ఊళ్ళో కూడా కుర్రాళ్ళు టీవీల ముందు కూర్చున్నారు. వాళ్ళకి కావలసింది మన దేశపు డ్రైవర్ నరైన్ కార్తికేయన్. ఆయనేమో హెచ్‌ఆర్‌టీ అనే వెనకబడ్డ టీమ్‌లో ఉన్నాడు, కెమెరా ఏమో ముందున్న జర్మన్ డ్రైవర్ వెటెల్‌ని వదలదు. రేసు బొమ్మ ప్రపంచమంతటికీ ఒకటే ఫీడ్‌గా వస్తుంది, ఏ కారు చూపించాలో అక్కడి డైరెక్టరే నిర్ణయిస్తాడు. 2012, 2013 కూడా వెటెలే గెలిచాడు, ఆ తర్వాత పన్ను గొడవల్లో ఆ రేసే పోయింది.

నిజం చెప్పాలంటే యాప్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. ఎఫ్1 వాళ్ళ సొంత యాప్‌లో నచ్చిన డ్రైవర్ కారులోని కెమెరా ఎంచుకుని రేసంతా అదే చూసుకోవచ్చు. 2011లో ఆ సౌకర్యం ఉండి ఉంటే మా కుర్రాళ్ళు నరైన్‌ని మొత్తం చూసేవాళ్ళు. కాకపోతే ఆ యాప్ డబ్బు కట్టి వేసుకునేది ఎవరు? నరైన్ ఎవరో ముందే తెలిసినవాళ్ళు.

మా వైపు అసలు దెబ్బ 2017కీ 2019కీ మధ్య పడింది. అనలాగ్ ఆగిపోయి సెట్ టాప్ బాక్సులు వచ్చాయి, ఆపైన టీవీ ఛానళ్ళ ధరల్ని చూసే నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలతో ఏ ఛానల్ కావాలో కస్టమరే ఎంచుకుని కట్టే పద్ధతి వచ్చింది. వినడానికి బాగుంటుంది. కానీ సరిహద్దు ఊళ్ళో తెలుగువాళ్ళ లెక్క వేరు. బడి, ఆఫీసు, వార్తలు అన్నీ ఒడియా కాబట్టి ఒడియా ఛానళ్ళు ఉండాలి. ఇంట్లో తెలుగు సీరియల్ ఉండాలి. ఒడిశాకి తయారుచేసిన ప్యాకులో తెలుగు ఉండదు, విడిగా కలుపుకోవాలి. రెండు భాషలకి కట్టేసరికి బిల్లు పెరుగుతుంది, కోత పడేది మూడోదాని మీద. "ఆ ఆటల ప్యాకు తీసెయ్ బాబూ, జెమినీ మాత్రం ముట్టుకోకు" అని నాకు చెప్పని అత్తమ్మ లేదు. క్రికెట్‌కి ఒక రక్షణ ఉంది. 2007 చట్టం ప్రకారం ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్ దూరదర్శన్‌కి ఇవ్వాలి కాబట్టి ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లోనూ కనిపిస్తాయి. రేసులకి ఆ అదృష్టం లేదు.

ఆ మిగిలిందీ 2022తో ముగిసింది. స్టార్‌తో ఎఫ్1 ఒప్పందం అయిపోయింది, 2023లో ఎఫ్1 సొంత యాప్ ఒక్కటే దిక్కు, 2024 నుంచి ఫ్యాన్‌కోడ్ అనే యాప్. జర్మనీ వాళ్ళకీ ఇలాంటిదే జరిగింది. షూమాకర్, వెటెల్ పుట్టిన దేశంలో 2020 దాకా ఆర్‌టీఎల్ ఛానల్‌లో ఉచితంగా వచ్చిన రేసులు తర్వాత ఎక్కువ భాగం డబ్బు కట్టే ఛానల్‌కి వెళ్ళిపోయాయి. జర్మన్ గ్రాండ్ ప్రి అన్న పేరుతో చివరి రేసు జరిగింది 2019లో. దానికి రేసు పెట్టడానికయ్యే ఖర్చు కూడా ఒక కారణమే, ఒక్క టీవీ మీదే నెట్టలేం.

ఇంతకీ యాప్‌లన్నీ చెడ్డవని కాదు. 2017లో లిబర్టీ మీడియా అనే అమెరికా కంపెనీ ఎఫ్1ని కొన్నాక యూట్యూబ్‌లో హైలైట్స్ ధారాళంగా వస్తున్నాయి. ఎఫ్1 మీద 2019లో మొదలైన నెట్‌ఫ్లిక్స్ సిరీస్ అమెరికాలో కొత్త జనాన్ని తెచ్చింది. అక్కడ 2026 నుంచి ఎఫ్1 ఆపిల్ టీవీకి వెళ్ళింది. ఇండీ 500 ఉన్న అమెరికా ఓపెన్ వీల్ సిరీస్ ఇండీకార్ దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టింది. 2025లో రేసులన్నీ ఫాక్స్ మెయిన్ ఛానల్‌లో వేశారు, ఇండీ 500కి సగటున 70 లక్షల మంది చూశారు. ముందు ఏడాది ఎన్‌బీసీ ఛానల్‌లో అది 50 లక్షలు. ఆ ఏడాది వాన వల్ల రేసు గంటల తరబడి ఆలస్యమైందన్న సంగతి కూడా కలుపుకోవాలి, అయినా తేడా తేడానే. ఈ రెండు దార్లలో ఏది గెలుస్తుందంటే, డబ్బు విషయంలో ఎఫ్1, మనుషుల విషయంలో ఇండీకార్ అంటాను.

మనకి ఇంకో చిక్కు భాష. నేను చూసినన్నాళ్ళూ కామెంటరీ ఇంగ్లిషే. పిట్‌స్టాప్ అర్థం కావడానికి భాష అక్కర్లేదు. కానీ 2026 కార్లలో సగానికి దగ్గరగా శక్తి బ్యాటరీ నుంచి వస్తుంది, ముందు కారుని దాటడానికి వెనక రెక్క తెరిచే డీఆర్‌ఎస్ పోయింది, ఎప్పుడు చార్జ్ దాచుకోవాలి, ఎప్పుడు వాడాలి అన్నదే ఆటంతా. ఇది ఎవరైనా తెలుగులో విడమర్చి చెప్పకపోతే కొత్తవాడు రెండు ల్యాపులు కూడా కూర్చోడు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగినప్పుడు అక్కడ ఉద్యోగం చేసే మా పిన్ని కొడుకు హుస్సేన్ సాగర్ దగ్గరికి వెళ్ళి చూశాడు. ఫోన్ చేసి "సౌండే లేదన్నయ్యా, కానీ ఆ స్పీడు టీవీలో తెలీదు" అన్నాడు. రెండో ఏడాది కూడా జరిగి ఉంటే తెలుగువాళ్ళలో ఓ గుంపు తయారయ్యేది. ప్రభుత్వం మారాక 2024 రేసు రద్దయింది. 2025లో మన దేశపు డ్రైవర్ కుష్ మైనీ మొనాకోలో, ఎఫ్1కి కింది మెట్టయిన ఫార్ములా 2లో, స్ప్రింట్ అనే చిన్న రేసు గెలిచాడని మా ఊళ్ళో పిల్లలకి తెలుసు, అదీ ముప్పై సెకన్ల క్లిప్పుల్లో.

కేబుల్‌లోకి మళ్ళీ వస్తుందా అంటే, నాకు ఆశ లేదు. వస్తే వేస్తాను, అడిగేవాళ్ళు పదిమంది కూడా ఉండరు. మీకు నిజంగా ఇంట్లో ఇంకొకరికి అలవాటు చేయాలనుంటే ఫోన్‌లో చూపించకండి. యూరప్ రేసులు ఇప్పుడు మనకి సాయంత్రం ఆరున్నరకి. యాప్‌ని టీవీలో పెట్టండి. వైర్‌లెస్ ఆగి ఆగి వస్తుంటే రూటర్ నుంచి టీవీకి నేరుగా కేబుల్ లాగించండి, చిన్న పని, మీ ఆపరేటర్ వచ్చి చేసిపెడతాడు.