మిక్కీ మౌస్ తలకాయ కెమెరాలో ఇప్పుడు ఫోటోలు తీయొచ్చా?

అమెరికాలో గరాజ్ సేల్‌లో (ఇంటి దగ్గర పెట్టే పాత సామాన్ల అమ్మకం) కొన్న మిక్కీ కెమెరాని ఒకరు పాపకిచ్చి ఫోటోలు తీయించాలనుకుంటున్నారు. ఏ ఫిల్మ్ పడుతుంది, పాత కాట్రిడ్జ్‌లు (ఫిల్మ్ చుట్టి ఉండే ప్లాస్టిక్ డబ్బాలు) కొనొచ్చా అని అడిగారు.

అది మిక్-ఎ-మాటిక్. 1971లో చైల్డ్ గైడెన్స్ కంపెనీ తెచ్చింది. ముక్కులో లెన్సు ఉంటుంది. మొదటి రకంలో చెవి లాగితే షట్టర్ పడుతుంది, తర్వాతి రకంలో దానికి వేరే మీట పెట్టారు. తప్పకుండా వాడొచ్చు. చిక్కంతా ఫిల్మ్ దగ్గరే. దానికి కావలసిన 126 కాట్రిడ్జ్ (126 అనేది ఆ రకం పేరు) ఇప్పుడు తయారు కావడం లేదు.

పాత కాట్రిడ్జ్ కొనేముందు దాని మీద పేరు చూడండి. కొడాకలర్-ఎక్స్ అయితే అది సి-22 ప్రాసెస్‌ది, అంటే కలర్ ఫిల్మ్ కడిగే పాత పద్ధతిది. ఇప్పటి పద్ధతి సి-41 ద్రావణాల వేడికి దాని ఎమల్షన్ (ఫోటో పడే పూత) ఊడిపోతుంది కాబట్టి ల్యాబ్‌లు తీసుకోవు. బ్లాక్ అండ్ వైట్‌గా మాత్రమే కడిగించగలరు. పిల్లల ఫోటోలకి దాని మీద డబ్బు పెట్టొద్దనే చెబుతాను.

త్రీడీ ప్రింట్ చేసిన 126 అడాప్టర్ (కాట్రిడ్జ్ ఆకారంలో ఉండే ఖాళీ డబ్బా) కొని, అందులో మామూలు 35 ఎంఎం ఫిల్మ్ ఎక్కించడమే మేలు. రెండు ఫిల్ముల వెడల్పూ ఒకటే. పూర్తి చీకట్లో, లేదా చేంజింగ్ బ్యాగ్‌లో (చేతులు దూర్చి పనిచేసే, వెలుతురు చొరని సంచి) సుమారు 60 సెంటీమీటర్లు కత్తిరించి, కొసని అడాప్టర్‌లోని రెండో అరలో ఉన్న స్పూలుకి టేపుతో అంటించండి. 12 ఫోటోలకి సరిపోతుంది. 126లో నంబర్లు కనబడే కాగితం ఫిల్మ్ వెనక ఉంటుంది, దీనికి ఉండదు. అందుకని కెమెరా వెనక కిటికీని నల్ల ఇన్సులేషన్ టేపుతో రెండు పొరలు మూసేయండి. ఈ ఒక్క పని మరిచిపోతే రోలంతా వెలుతురు పడి పాడవుతుంది.

అసలు తిప్పలు వైండింగ్‌లో, అంటే ఫిల్మ్‌ని ముందుకి తిప్పడంలో. 126 ఫిల్మ్‌కి ఫ్రేముకి ఒక్కటే రంధ్రం, కెమెరాలోని పిన్ను అందులో పడి ఆగుతుంది. 35 ఎంఎంలో ప్రతి 4.75 మిల్లీమీటర్లకీ రంధ్రం ఉండటంతో పిన్ను మధ్యలోనే పట్టేస్తుంది. పనికిరాని ఫిల్మ్ ముక్క ఎక్కించి స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి. ఒకసారి తిప్పి, అడాప్టర్ బయటికి తీసి, గీత ఎంత జరిగిందో కొలవండి. ఫోటో 28 మిల్లీమీటర్లు కాబట్టి ఏడు రంధ్రాలు జరగాలి. ఆరే జరిగితే ఫోటోలు దాదాపు ఒకదానికొకటి అతుక్కుంటాయి. షట్టర్ నొక్కితే తప్ప ముందుకి కదలకపోతే, లెన్సుని నల్లగుడ్డతో మూసి నొక్కుతూ తిప్పాలి. ఇది పెద్దవాళ్లే చేయాలి.

ఎండలో ఐఎస్‌ఓ (ఫిల్మ్ వెలుతురుని పట్టే వేగం) 200 కలర్ నెగటివ్, మబ్బుంటే 400 వేయండి. ఆ కాలపు ఫిల్మ్ 80, 125 ఉండేది. నెగటివ్ ఫిల్మ్ కాస్త ఎక్కువ వెలుతురు పడినా తట్టుకుంటుంది. ఫోకస్ మార్చే వీలు లేదు, అయిదడుగుల దూరమైనా ఉండాలి. వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే చోటు) లెన్సుకి పైన ఉంటుంది కనుక దగ్గరి ఫోటోల్లో తల తెగిపోతుంది, పైన ఖాళీ వదలమని పాపకి చెప్పండి. చెవి లాగినప్పుడు కెమెరా ఊగుతుంది. ఎడమ చేత్తో గడ్డం కింద పట్టుకుని, మోచేతులు ఒంటికి ఆనించి, మెల్లగా లాగాలి. లెన్సు ప్లాస్టిక్‌ది, స్పిరిట్, థిన్నర్ తగలనివ్వొద్దు.

రోలు అయ్యాక అడాప్టర్‌ని చీకట్లోనే విప్పి, ఫిల్మ్‌ని నల్ల డబ్బాలో పెట్టి ల్యాబ్‌కివ్వండి. డెవలప్ మాత్రమే చేయమనండి, ముక్కలుగా కత్తిరించవద్దనండి. ఫ్రేములు వాళ్ల మిషన్ లెక్కకి కుదరవు, పైగా ఒక అంచున రంధ్రాలు ఫోటోలోకి వస్తాయి. ఇంట్లో స్కాన్ చేసుకోండి.

ఇదంతా భారమనిపిస్తే, 110 ఫిల్మ్ (ఇంకో రకం కాట్రిడ్జ్ ఫిల్మ్) పట్టే బొమ్మ కెమెరా వెతకండి. ఆ ఫిల్మ్‌ని లోమోగ్రఫీ అనే ఫిల్మ్, కెమెరాల కంపెనీ 2012లో మళ్లీ మొదలుపెట్టింది, కాట్రిడ్జ్ పెట్టి మూత వేస్తే చాలు.