ధర్మకర్తల మండలికి లేఖ: ఎవరిని సంబోధించాలి?

ప్రశ్న: మా నాన్నగారి జ్ఞాపకార్థం ఊరి దేవాలయ ప్రాంగణంలో చలివేంద్రం కట్టించాలని సంకల్పించాము. దేవాలయం దేవదాయ శాఖ పరిధిలోనిది. ధర్మకర్తల మండలి అధ్యక్షులు మాకు వరసకు బాబాయి. అనుమతి కోరే లేఖ వారి పేరున రాయవచ్చునా?
– ఒక పాఠకురాలు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ సంకల్పం మెచ్చదగినది. అయితే లేఖను బాబాయిగారి పేరున రాయకండి. 1987 నాటి దేవదాయ ధర్మదాయ చట్టం ప్రకారం ఏర్పడిన మండలిలో నిర్ణయం సమావేశంలో తీర్మానంగా వెలువడుతుంది కాబట్టి, అధ్యక్షులు ఎంత ఆత్మీయులైనా మీ విన్నపం మండలి మొత్తానికి చేరాలి. పేరున రాసిన కాగితం సొంత ఉత్తరంగా ఇంట్లోనే ఉండిపోవచ్చు. పైగా రేపు మండలి మారితే దానికి విలువ ఉండదు.

ఎడమవైపున “శ్రీయుత ధర్మకర్తల మండలి అధ్యక్షులు, సభ్యుల వారికి” అని, దాని కింద దేవస్థానం పూర్తి పేరు, గ్రామం, మండలం, “శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా” అని రాయండి. తర్వాత “కార్యనిర్వహణాధికారి గారి ద్వారా” అన్న పంక్తి తప్పక ఉండాలి, ఎందుకంటే దేవస్థానం రికార్డులూ ఆస్తుల బాధ్యతా ఆ అధికారివే. మండలిలో స్త్రీలు, పురుషులు ఇద్దరూ ఉంటారు కాబట్టి “ఆర్యా” అని ఒక్కరినే పిలిచినట్లు కాకుండా, “గౌరవనీయులైన అధ్యక్షులకు, సభ్యులకు నమస్కరించి వ్రాయునది” అని మొదలుపెట్టడం నాకు సముచితంగా తోస్తుంది. “మహారాజరాజశ్రీ” వంటి పాత బిరుదులు నేడు అక్కరలేదు.

“విషయము” అన్న చోట ఒకే వాక్యం చాలు. లేఖలో మాత్రం చలివేంద్రం ఎక్కడ కడతారు, ఎంత స్థలం కావాలి, ఖర్చు ఎవరిది, నీటి వసతి, నిర్వహణ ఎవరు చూస్తారు, శిలాఫలకంపై ఏమి రాయిస్తారు అన్నవి స్పష్టంగా చెప్పండి. కట్టడం పూర్తయ్యాక అది దేవస్థానానిదే అవుతుందని, దానిపై మీ కుటుంబానికి ఎలాంటి హక్కూ ఉండదని ఒక వాక్యం చేరిస్తే సభ్యుల సందేహం సగం తీరుతుంది. బాబాయిగారితో ఉన్న బంధుత్వాన్ని లేఖలో ప్రస్తావించవద్దు. ఇంటికి వెళ్లి చెప్పుకోవడంలో తప్పు లేదు.

ప్రైవేటు ట్రస్టు నడిపే బడికో సత్రానికో రాసేటప్పుడు కార్యనిర్వహణాధికారి స్థానంలో మేనేజింగ్ ట్రస్టీని పేర్కొంటే సరిపోతుంది.

రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకటి కార్యాలయంలో ఇచ్చి, రెండవదానిపై ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. జవాబు ఆలస్యమైతే మళ్లీ రాసే లేఖలో “సూచిక” కింద ఆ నంబరునే ఉదహరించండి.