హారికకు, టోక్యో వెళ్లే ముందు

చిరంజీవి హారికకు మీ అత్త ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి తొమ్మిదింటికి మీ నాన్న ఫోన్ చేశాడు. "దానికి టోక్యోలో ఉద్యోగం వచ్చిందే, అక్టోబరు ఒకటిన చేరాలట" అన్నాడు. గొంతు గట్టిగానే ఉంది గానీ మాట మాటకీ మధ్య ఆగుతున్నాడు. ఫోన్ పెట్టేశాక దేవుడి దగ్గర దీపం పెట్టి కూర్చున్నాను. 2008లో నేను వెళ్లింది మీ మావయ్య భార్యగా, ఆయన వీసాకి తోకలా ఉండే వీసా మీద. నువ్వు నీ చదువుతో, నీ పేరు మీద వచ్చిన వీసాతో వెళ్తున్నావు. మన ఇంట్లో ఇలా వెళ్లే మొదటి ఆడపిల్లవి నువ్వే. ఆ గర్వంతో ఒక గంట గడిచింది. ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర లేదు.

వాట్సాప్‌లో చెప్తే "సరే అత్తా" అని ఒక బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పూర్తిగా చదువు.

కాగితాల పని నీకు నేను చెప్పక్కర్లేదు. విమానాశ్రయంలోనే జైర్యూ కార్డు, అంటే అక్కడ ఉండేవాళ్ల గుర్తింపు కార్డు, ఇస్తారు, అది ఎప్పుడూ నీ దగ్గరే ఉండాలి. ఇల్లు కుదిరిన పద్నాలుగు రోజుల్లోగా వార్డు ఆఫీసుకు వెళ్లి చిరునామా రాయించుకో. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే ఆస్పత్రి ఖర్చులో మన వాటా 30 శాతమే, కాబట్టి జ్వరం వస్తే డోలో వేసుకుని పడుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు. కొన్ని బ్యాంకులు మొదటి ఆరు నెలలు ఖాతా ఇవ్వవు. ఏ బ్యాంకుకు వెళ్లాలో ఆఫీసు వాళ్లనే అడుగు. సెలవుకి ఇండియా వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఇచ్చే ఫారంలో, మళ్లీ తిరిగొస్తానని చెప్పే గడిలో టిక్కు పెట్టడం మర్చిపోకు.

ఇల్లు దొరకడం కష్టమైతే యు.ఆర్. అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే ఇళ్లు చూడు. ఓనరుకి కానుకగా ఇచ్చి తిరిగిరాని డబ్బు కట్టక్కర్లేదు, హామీ ఉండే మనిషిని వెతుక్కోనక్కర్లేదు. మేమున్నది అలాంటి ఇంట్లోనే, నిషి-కసాయ్‌లో. తోజాయ్ మెట్రో లైన్‌లో పొద్దున రద్దీ నువ్వు విశాఖలో ఎప్పుడూ చూసి ఉండవు. ఆ వేళ ఆడవాళ్లకి ప్రత్యేకంగా ఒక పెట్టె ఉంటుంది, ప్లాట్‌ఫాం మీద గులాబీ రంగు గుర్తు చూసి అక్కడే నిలబడు.

సామాన్ల సంగతి. మీ అమ్మ మిక్సీ సర్దుతోందని విన్నాను. తీసేయమను. అక్కడ కరెంటు 100 వోల్టులే, మన మిక్సీకి అది చాలదు. కుక్కర్ మాత్రం తీసుకెళ్లు, ఇండక్షన్ అడుగు ఉన్నది. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి పెట్టకు, మాంసం ఏ రూపంలో ఉన్నా వాళ్లు రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, సర్టిఫికెట్ లేకుండా ఆకులూ పళ్లూ దాటనివ్వరు. నీ థైరాయిడ్ మాత్రలు నెలకి మించి తీసుకెళ్లాలంటే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. జలుబు మాత్రలు తీసుకెళ్లేముందు చీటీ చదువు, సూడోఎఫెడ్రిన్ ఉన్న చాలా మందులు అక్కడ నిషేధం.

తిండి గురించి నీకు మొదటి నెల ఏడుపొస్తుంది. నాకు వచ్చింది. కూరగాయల సూప్ అని బొమ్మ చూసి తెచ్చుకుంటే అందులో చేప ఉంటుంది. కత్సువోబుషి అని ఎండిన చేపను తరుగుతారు, దాన్ని మరిగించిన నీళ్లే దాషి. మిసో సూప్, నూడుల్స్ పులుసు, ఉడికించిన కూర, అన్నిటికీ అదే మూలం. ముక్కలు లేవు కదా అని శాకాహారం అనుకోకు. అడిగితే వాళ్లు చేప ముక్కలు తీసి ఇస్తారు, పులుసు అదే. ఇంట్లో వండుకో. అక్కడి బియ్యం జిగురు, చారులో కలిస్తే ముద్దవుతుంది. ఆ అన్నం పెరుగుకి మాత్రం చక్కగా ఉంటుంది. సూపర్‌మార్కెట్లో బల్గేరియా పెరుగు అని దొరుకుతుంది, అందులోంచి ఒక చెంచా తీసి పాలల్లో తోడు పెట్టు, మన పెరుగే. చలికాలం గిన్నెను తువ్వాలులో చుట్టి పెట్టాలి. మీ మావయ్యకి ఆ పెరుగన్నం పెట్టిన రోజు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

చెత్త విషయంలో జాగ్రత్త. కాలేది ఒక రోజు, కాలనిది ఒక రోజు, సీసాలూ డబ్బాలూ ఒక రోజు. పొద్దున ఎనిమిదిలోపే పెట్టాలి, ముందు రోజు రాత్రి కాదు. పైన కాకులు లాగకుండా వల కప్పాలి. మేం వెళ్లిన రెండో వారంలో నేను తప్పు రోజున సంచి పెట్టాను. మర్నాడు పొద్దున మా తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. వార్డు వాళ్లిచ్చే చెత్త క్యాలెండరు. దాంట్లో రోజులకి ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, పక్కన చిన్న బొమ్మలు వేశారు. చేప ముల్లు, సీసా, విరిగిన గొడుగు. అది అంటించింది పక్కింటి పెద్దావిడ. నాకు తల తీసేసినట్టయింది. మనల్ని వేలెత్తి చూపించింది అనుకున్నాను. ఆ బొమ్మలు కూర్చుని వేయడానికి ఆవిడకి ఎంతసేపు పట్టి ఉంటుందో నాకు తట్టలేదు.

ఆవిడ గురించే నీకు చెప్పాలి. ఇది మీ నాన్నకి కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

కొత్త ఇంట్లో దిగితే చుట్టుపక్కల వాళ్లకి తలా ఒక చిన్న తువ్వాలో, మిఠాయి పెట్టో ఇచ్చి పలకరించి రావడం అక్కడి పద్ధతి. మీ మావయ్య ఆఫీసులో ఎవరో చెప్తే ఆయన ఐదు తువ్వాళ్లు తెచ్చారు. తెల్ల కాగితం చుట్టి, పైన మన ఇంటిపేరు కతకానా అనే వాళ్ల లిపిలో రాయించారు. "నువ్వూ చంటి కార్తీకూ వెళ్లి ఇచ్చిరండి, ఆడవాళ్లు వెళ్తే బాగుంటుంది" అన్నారు. ఇవాళ కాదు రేపు అన్నాను. భాష రాదని సిగ్గు. ఆ తర్వాత చెత్త సంగతి జరిగింది, ఇంక మొహం చెల్లలేదు. ఎలాగూ రెండేళ్లలో వెళ్లిపోతాం కదా అని సరిపెట్టుకున్నాను. తువ్వాళ్లు బీరువాలో ఉండిపోయాయి. రెండేళ్లు అన్నది మూడేళ్లయింది. లిఫ్టులో ఆవిడ కనిపిస్తే తల వంచేదాన్ని, ఆవిడా వంచేది. కార్తీక్‌ని చూసి ఏదో అనేది, నేను నవ్వేదాన్ని. అంతే.

2011 మార్చి 11, శుక్రవారం. మధ్యాహ్నం రెండూ నలభై ఆరు. కార్తీక్‌కి రెండున్నరేళ్లు, అప్పుడే నిద్రపోయాడు. నేను పొయ్యి మీద చారు పెట్టి పోపు గరిటె పట్టుకుని ఉన్నాను. చిన్న చిన్న భూకంపపు కదుపులకి అప్పటికే అలవాటు పడిపోయాం, అదీ అలాంటిదే అనుకున్నాను. కానీ ఆగలేదు. గోడ గడియారం పడింది, ఫ్రిజ్ తలుపు తెరుచుకుని పాలు ఒలికాయి. బిల్డింగ్ మొత్తం ఓడలా అటూ ఇటూ ఊగింది. బల్ల కింద దూరాలని, ఊగడం ఆగేదాకా బయటికి పరిగెత్తకూడదని నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా వరండాలోకి పరిగెత్తాను.

మెట్ల దగ్గరికి పోవాలంటే ఆవిడ తలుపు ముందు నుంచే పోవాలి. లోపలి నుంచి గొంతు వినిపించింది. అరుపు కాదు, సన్నగా, ఒకే మాట మళ్లీ మళ్లీ. తసుకెతె. తసుకెతె. నేను ఆగాను హారికా. ఒక్క క్షణం ఆగాను. టీవీ అనుకున్నాను, లేకపోతే దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకున్నాను. నాలుగు అంతస్తులు దిగిపోయాను.

కింద పార్కులో చలిలో కూర్చున్నాం. బడి పిల్లలు తలకి దిండులాంటి మెత్తటి టోపీలు తొడుక్కుని వరసగా నడిచి వెళ్తున్నారు. ఫోన్లు కలవలేదు. మీ మావయ్య ఎక్కడున్నారో తెలియదు. చీకటి పడ్డాక మా బిల్డింగ్ చూసుకునే కన్రినిన్‌సన్ ప్రతి తలుపూ కొట్టుకుంటూ వెళ్లాడు. కాసేపటికి ఆవిడని స్ట్రెచర్ మీద దించారు. వంటింట్లో వేసుకునే తెల్లటి పొడుగు చేతుల ఆప్రన్ ఇంకా ఒంటి మీదే ఉంది. పుస్తకాల అలమర కాళ్ల మీద పడిందట. తుంటి ఎముక విరిగింది. మీ మావయ్య ఒటెమాచి నుంచి నడిచి, ఆరాకవా వంతెన దాటి తొమ్మిదింటికి ఇంటికి చేరారు. ఆయన్ని చూసి ఏడ్చాను గానీ, ఆ గొంతు సంగతి చెప్పలేదు. నాకే తెలియదు అది ఏమిటో.

ఆ ఏడు శరదృతువులో వార్డులో వలంటీర్లు నడిపే జపనీస్ క్లాసులో చేరాను. ఎవరినైనా ఏదైనా చెయ్యమని ఎలా అడగాలో టీచరు బోర్డు మీద రాస్తున్నారు. తబెతె అంటే తిను. మత్తె అంటే ఆగు. మూడో మాట తసుకెతె. అర్థం అడిగాను. "కాపాడండి అని" అన్నారు. నేను లేచి బయటికి వెళ్లిపోయాను.

ఆవిడ మళ్లీ ఆ ఇంటికి రాలేదు. కూతురు తన దగ్గరికి తీసుకెళ్లిందని కన్రినిన్‌సన్ చెప్పాడు. తలుపు పక్కన ఆవిడ పేరు రాసిన పలక మూడేళ్లు రోజూ చూశాను. నాకు చదవడం రాదు. చదవడం నేర్చుకునేసరికి ఆ పలక తీసేశారు.

ఇదంతా నిన్ను భయపెట్టడానికి కాదమ్మా. నాకు రాత్రి నిద్ర ఎందుకు పట్టలేదో నీకు తెలియాలి. నాకు మీ మావయ్య ఉన్నారు, పిల్లాడున్నాడు. నువ్వు ఒక్కదానివే ఉంటావు. ఈసారి ఆ తలుపు వెనకాల ఉండేది నువ్వు. నీ గొంతు విని ఆగేవాళ్లు కావాలి, ఆగినవాళ్లకి అది నీ గొంతని తెలియాలి.

అందుకని ఇంట్లో దిగిన మొదటి ఆదివారమే పలకరింపులకి వెళ్లు. ఒంటరిగా ఉండే ఆడపిల్లలు అలా వెళ్లొద్దని ఇప్పుడు అక్కడివాళ్లే చెప్తున్నారని విన్నాను, అదీ నిజమే. కాబట్టి పగటిపూట వెళ్లు, ఆఫీసులో ఒక అమ్మాయిని తోడు తీసుకెళ్లు, పక్కన ఎవరుంటారో ముందు కన్రినిన్‌సన్‌ని అడుగు. గుమ్మం బయటే నిలబడి పేరు చెప్పి, యొరొషికు ఒనెగై షిమాసు, అంటే మీ దయ ఉంచండి, అని వంగు. లోపలికి వెళ్లక్కర్లేదు.

భాషకి భయపడకు. మనకి అది అంత దూరం కాదు. మనలాగే క్రియ చివర వస్తుంది. నేను ఆఫీసుకి వెళ్తాను అనడానికి వతాషి వా కైషా ని ఇకిమాసు అంటారు. మన "కి" ఉన్న చోటే వాళ్ల "ని". పేరు చివర సన్ తగిలించడం మన అండీ లాంటిదే. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, నోరు సులువుగా తిరుగుతుంది. దీర్ఘాలు మాత్రం మనంత పట్టింపుగా పలకాలి. ఒబసన్ అంటే పిన్ని వయసు ఆవిడ, ఒబాసన్ అంటే మామ్మ. నాతో చదివిన ఇంగ్లీషువాళ్లకి అది చెవికి పట్టడానికి నెలలు పట్టింది, నాకు మొదటి రోజే పట్టింది. మూడేళ్ల ముందే ఎందుకు వెళ్లలేదా అని ఆ రోజంతా బాధపడ్డాను.

మంచం పక్కన చెప్పులు, టార్చి పెట్టుకో, గాజు పెంకులు కాళ్లకి గుచ్చుకోకుండా. అలమరకీ పైకప్పుకీ మధ్య బిగించే కడ్డీలు దొరుకుతాయి, మేకులు కొట్టక్కర్లేదు. మొదటి జీతం రాకముందే కొను, డబ్బు నేను పంపిస్తాను. పెద్ద కదుపు వస్తే గ్యాస్ మీటరు దానంతట అదే ఆగిపోతుంది, మీటరు మీద బటన్ నొక్కి మూడు నిమిషాలు ఆగితే మళ్లీ వస్తుంది. మేం అది తెలియక రెండు రోజులు బిస్కెట్లు తిన్నాం. అంబులెన్సుకి 119, పోలీసుకి 110. ఫోన్లు కలవని రోజు 171కి చేసి నీ మాట రికార్డు చెయ్యొచ్చు. నీ చిరునామా జపనీస్‌లో గుక్క తిప్పుకోకుండా చెప్పడం నేర్చుకో, బయల్దేరే ముందు నాకు ఫోన్‌లో ఒప్పజెప్పు. నవ్వకు, నిజంగానే అడుగుతాను.

మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా. నీకు రాత్రి పదైతే నాకు ఆరున్నర, పొయ్యి దగ్గరే ఉంటాను, ఎత్తుతాను. నీకు తెల్లవారుజామున భయమేసినా చెయ్యి, నాకు అర్ధరాత్రి అని చూడకు.

ఇవాళ పొద్దున ఆప్కోకి వెళ్లి ఐదు చేనేత తువ్వాళ్లు కొన్నాను. నీలం గళ్లవి. మీ నాన్న ఆదివారం రాజమండ్రి వస్తానన్నాడు, ఇచ్చి పంపుతాను. సూట్‌కేసులో అడుక్కి పెట్టకు, దిగగానే చేతికి అందేలా పైన పెట్టుకో. అటు ఒకటి, ఇటు ఒకటి, పై ఇంటికి ఒకటి, కింది ఇంటికి ఒకటి. ఐదోది కన్రినిన్‌సన్‌కి.

ఇట్లు,
మీ అత్త