మనిషి బుద్ధి మారదంటారు, మా మామగారి బుద్ధి రెండుసార్లు మారింది

"బయట జరిగే సంఘటనలు మనిషి ఆలోచనను నిజంగా మారుస్తాయా, లేక పుట్టుకతో వచ్చిన బుద్ధే చివరిదాకా ఉంటుందా?" అని ఈమధ్య ఒకరు నన్ను అడిగారు.

మారుస్తాయి. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. మాది విశాఖపట్నం, గోపాలపట్నం వైపు. ఆరేళ్ల తేడాలో ఈ ఊళ్లో రెండు ఘోరాలు జరిగాయి. ఆ రెండూ ఒకే మనిషిని రెండు రకాలుగా మార్చడం మా ఇంట్లోనే చూశాను. ఆ మనిషి మా మామగారు.

2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు నాలుగు రోజులు టీవీల్లో ఒకటే గోల. చివరికి అది మమ్మల్ని వదిలేసి ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. దాంతో ఆయన పాత మాట ఇంకా గట్టిపడింది. "వైజాగ్‌కి తుఫాను రాదమ్మా, డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డం ఉంది కదా" అనేవారు. ఈ మాట ఆయన ఒక్కరిదే కాదు, ఇక్కడ పాతవాళ్లు చాలామంది అలాగే అనేవారు. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12 ఆదివారం నాడు, హుద్‌హుద్ వచ్చింది. తుఫాను హెచ్చరికల కేంద్రం వాళ్లు ముందు నుంచీ విశాఖ పేరు చెబుతూనే ఉన్నారు. శనివారం సాయంత్రం నేను డ్రమ్ములన్నీ నింపుతుంటే "ఎందుకమ్మా ఈ హడావుడి, పోయినేడూ ఇలాగే అన్నారు" అన్నారు. మా ఆయన ఆ వారం హైదరాబాదులో ఉన్నారు. ఇంట్లో నేను, మామగారు, నాలుగేళ్ల మా బాబు.

తెల్లవారుజాము నుంచే గాలి. పది దాటాక అది గాలిలా లేదు, రైలు ఇంటి మీద నుంచి పోతున్నట్టుంది. బాల్కనీ తలుపు గడియ విరిగిపోతే బీరువా జరిపి అడ్డం పెట్టాం. కిటికీ సందుల్లోంచి నీళ్లు చిమ్ముతుంటే నా పాత చీరలు కుక్కాను. బాబు ఏడవడం కూడా మానేసి నా మెడ పట్టుకుని ఉండిపోయాడు. మామగారు హనుమాన్ చాలీసా మొదలుపెట్టి సగంలో ఆపేసేవారు, మళ్లీ మొదటి నుంచి అందుకునేవారు.

మధ్యాహ్నం ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దం అంటే పై అంతస్తులో ఎవరో దగ్గితే వినపడింది. జనం ఫోన్లు పట్టుకుని ఫొటోల కోసం కిందికి దిగుతున్నారు. మామగారు కూడా గోడ పక్కన పెట్టిన స్కూటర్ చూసుకోవడానికి దిగారు. వెనకాలే బాబుని ఎత్తుకుని నేను.

మెట్ల దగ్గర మా వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. భీమిలి వైపు మనిషి, వయసులో ఉండగా వేట బోట్ల మీద కళాసీగా చేశాడు. "ఎటెల్తన్నారు బాబూ? గాలి అయిపోనేదు. ఇది నడిమి. ఇప్పుడు అటుకేసి నుంచి కొడతాది, లోపలికెల్లిపోండి" అన్నాడు. "తగ్గిపోయింది కదయ్యా" అని మామగారు పక్కకి తప్పుకోబోతే, ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టేశాడు. మామగారిని అలా చెయ్యి పట్టుకుని ఆపిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి గాలి మళ్లీ లేచింది, అతను చెప్పినట్టే ఎదురు వైపు నుంచి. పొద్దుటి నుంచి కదలని ప్రహరీ గోడ ఆ స్కూటర్ మీదే పడింది.

తుఫాను కన్ను మన మీదుగా పోతే మధ్యలో గాలి ఆగుతుందనీ, ఆ తర్వాత దిక్కు మార్చుకుని వస్తుందనీ ఇప్పుడు మా బాబు కూడా చెబుతాడు. ఆ రోజు మా బిల్డింగులో ఆ సంగతి తెలిసింది ఒక్కడికే.

వాచ్‌మన్ గది రేకులు ఎగిరిపోయాయి. ఆ రాత్రి అతను, భార్య, ఇద్దరు పిల్లలు మా హాల్లో పడుకున్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్పాలి. అప్పటిదాకా మా ఇంట్లో అతనికి టీ పోసే గ్లాసు వేరే ఉండేది, బాల్కనీ గట్టు మీద బోర్లించి పెట్టేవాళ్లం. మర్నాడు పొద్దున్న మామగారే లేచి మా గ్లాసుల్లోంచి ఒకటి తీసి, టీ పోసి, అతని చేతికిచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ వేరే గ్లాసు మళ్లీ నాకు కనపడలేదు. ఆరేళ్లుగా నేనూ మా ఆయనా ఎంత చెప్పినా జరగనిది అది.

తర్వాత వారం కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ ఎంత చెబితే అంతకు కొన్నాం. పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటరు లైన్లు. నా డ్రమ్ముల నీళ్లే మూడు ఇళ్లకి వచ్చాయి. ఆ ఏడు దీపావళికి మా వీధిలో ఎవరూ టపాసులు కాల్చలేదు, ఎక్కడ చూసినా ఎండిన కొమ్మల గుట్టలే.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. మా వీధి మొదట్లో ఒక వేపచెట్టు ఉండేది. మొదలు చుట్టూ సిమెంటు బిగించిన రోడ్డు పక్క చెట్లన్నీ పడిపోయాయి, అది పడలేదు. కొమ్మలు పోయాయి, మాను నిలబడింది. రెండు నెలలకి అసోసియేషన్ వాళ్లు మీటింగ్ పెట్టి "ఈసారి తుఫానుకి కార్ల మీద పడుతుంది" అని దాన్ని మొదలంటా కొట్టించేశారు. అంత గాలికి నిలబడ్డ చెట్టుని! అందరూ చూసింది ఒకే తుఫాను. ఒకాయన గ్లాసు మార్చుకున్నారు, పదిమంది చెట్టు నరికారు. భయంలో ఉన్న మనిషికి పక్కన ఎవరున్నారు, ఏం చెప్పారు అన్నదే మనిషిని మారుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. "మీ మనసు మీ చేతిలోనే ఉంది" అని వ్యక్తిత్వ వికాసం క్లాసులు చెప్పేవాళ్లకి ఇది ఎందుకు అర్థం కాదో నాకు తెలియదు.

అప్పటి నుంచి మామగారు వాతావరణ వార్త పూర్తిగా వినకుండా లేవరు. అల్పపీడనం అంటే వింటారు, వాయుగుండం అంటే డ్రమ్ములు కడుగుతారు, తీవ్ర వాయుగుండం అంటే నింపేస్తారు. ముందే చెప్పారు, చెప్పినట్టే జరిగింది, అందుకే ఆ నమ్మకం.

2020 మే 7 ఆ నమ్మకాన్ని ఇంకోవైపు విరిచేసింది. తెల్లవారుజామున మూడింటికి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. లాక్‌డౌన్ రోజులు, అందరూ ఇళ్లలో నిద్రలో ఉన్నారు. సైరన్ మోగలేదు. పన్నెండు మంది పోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. పరిగెడుతూ దారిలోనే పడిపోయినవాళ్ల వీడియోలు అందరూ చూశారు. మా దాకా ఘాటు వాసన వచ్చింది, కళ్లు మండాయి, తడి గుడ్డలు కట్టుకుని బయటపడ్డాం.

ఆ రాత్రి మళ్లీ లీకైందని పుకారు లేచింది. అది నిజం కాదని అధికారులు చెప్పారు. కానీ వాట్సాప్‌లో వచ్చినదాన్నే జనం నమ్మారు, నడిరాత్రి బళ్ల మీద పిల్లల్ని ఎక్కించుకుని బీచ్ రోడ్డు దాకా వెళ్లిపోయారు. మమ్మల్ని బయల్దేరదీసింది మామగారే. తుఫాను బులెటిన్‌ని అక్షరం వదలకుండా నమ్మే మనిషి ఆ రాత్రి ఎవరి మాటా వినలేదు. "మావయ్యగారూ, ఏం లేదంటున్నారు కదా" అంటే, "పొద్దున ఉన్నప్పుడు చెప్పారా అమ్మా? ఇప్పుడు లేదంటే ఎలా నమ్మేది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి రోడ్లెక్కిన జనాన్ని టీవీల్లో "అనవసర భయాందోళన" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. సైరన్ మోగని ఊళ్లో ఆ భయం అనవసరం ఎలా అవుతుంది?

అందుకే చుట్టుపక్కల జనం పుకార్లు నమ్ముతున్నారని ఎవరైనా విసుక్కుంటే, అంతకుముందు వాళ్లకి నిజం ఎవరు చెప్పారో అడుగుతాను.

మామగారికి ఇప్పుడు డెబ్భై ఎనిమిది. రోజూ రాత్రి పడుకునే ముందు బాల్కనీలోకి వెళ్లి రెండుసార్లు గాలి పీల్చి చూస్తారు. మంచం పక్కన బకెట్‌లో నీళ్లు, దాని మీద నాలుగు తువ్వాళ్లు ఉంటాయి. వాచ్‌మన్ మానేసి ఊరెళ్లిపోయాడు. వాయుగుండం అని వార్త వస్తే మాత్రం మామగారు ముందు అతనికి ఫోన్ చేసి సముద్రం ఎలా ఉందో అడుగుతారు.